ఓడినవాళ్లూ ఊళ్లోనే ఉంటారు

సర్పంచ్ ఎన్నికల నాడు సిర్గాపూర్ మండలంలోనైనా, రాష్ట్రంలో మరెక్కడైనా, పోలింగ్ మధ్యాహ్నం ఒంటిగంటకు ముగుస్తుంది. రెండు గంటలకు అదే బడిలో, అదే బల్లల మీద లెక్కింపు మొదలవుతుంది. ఉంగరం గుర్తుకు ఎన్ని, కత్తెరకు ఎన్ని అన్న సంగతి ప్రహరీ బయట కాచుకున్నవాళ్లకు అధికారి ప్రకటించకముందే తెలిసిపోతుంది. చీకటి పడేసరికి గులాల్, టపాసులు, డీజే. ఊరేగింపు ఓడినవారి ఇంటి ముందు నుంచే పోతుంది. అందులో కక్ష ఉండొచ్చు, లేకపోవచ్చు. చాలా తండాల్లో ఉన్నదే ఒక బాట.

2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో సిర్గాపూర్ కొత్త మండలమైంది. 2018లో నారాయణఖేడ్ ప్రాంతమంతటా తండాలు ప్రత్యేక పంచాయతీలయ్యాయి. కొన్ని వందల ఓట్లు మాత్రమే ఉన్న పంచాయతీలో ఎవరి ఓటు ఎటు పడిందో అంచనా కట్టడం పెద్ద విద్యేమీ కాదు. ఏ వార్డులో ఎన్ని తగ్గాయో చూసుకుంటే పేర్లు వాటంతటవే బయటికొస్తాయి. 2025 డిసెంబరులో 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా తెలంగాణ పల్లెల్లో ఈ తంతు మళ్లీ నడిచింది. పంచాయతీ ఎన్నికలు ముగిసిన ప్రతిసారీ, ఓటుకు పంచిన డబ్బు తిరిగి ఇమ్మంటూ ఓడిన అభ్యర్థులు ఇల్లిల్లూ తిరిగారన్న వార్తలు ఏదో ఒక జిల్లా నుంచి వస్తూనే ఉంటాయి. మనం నవ్వుకుని పేజీ తిప్పేస్తాం. నవ్వే ముందు ఒకటి ఆలోచించాలి. ఆ మనిషి ఓటమిని ఎందుకు మింగలేకపోతున్నాడు? సంస్కారం లేకనా, లేక ఆ ఓటమితో పొలమే పోయిందనా?

ఎన్నికల మర్యాద గురించి మాట్లాడేటప్పుడు మన చూపంతా ఓడినవారి మీదే ఉంటుంది. హుందాగా ఒప్పుకున్నారా, అభినందించారా, ప్రజాతీర్పును శిరసావహిస్తామన్నారా అని చూస్తాం. ఈ పడికట్టు మాటలు పార్టీ కార్యాలయంలో ముందే టైపు చేసి ఉంచుకోదగినవి. ఓటమిని ఒప్పుకోవడం స్వభావానికి సంబంధించిన విషయమే అయినా, అంతకంటే ఎక్కువగా అది ఖరీదుకు సంబంధించిన విషయం. ఓడితే ఏం పోతుంది అన్న ప్రశ్నకు జవాబు ‘కుర్చీ మాత్రమే’ అయినచోట ఒప్పుకోలు సులువుగా వస్తుంది. ‘బిల్లులు, పొలం, పరువు, చివరికి స్వేచ్ఛ’ అయినచోట రాదు. ఆ ఖరీదును నిర్ణయించేది గెలిచినవారు.

2023 డిసెంబరు 3 సంగతి తీసుకుందాం. పదేళ్ల భారత రాష్ట్ర సమితి పాలన ఆ రోజుతో ముగిసింది. కాంగ్రెస్‌కు 64, బీఆర్ఎస్‌కు 39. ఫలితాలకు ముందు హ్యాట్రిక్ ఖాయమని, సంబరాలకు సిద్ధం కండని పోస్టు పెట్టిన కె. తారక రామారావు, ఫలితాల రోజు అదే పోస్టును మళ్లీ బయటికి తీసి గురి తప్పిందని తన మీద తానే చెణుకు విసురుకున్నారు. రెండుసార్లు అవకాశమిచ్చిన ప్రజలకు కృతజ్ఞత, కాంగ్రెస్‌కు అభినందనలు చెప్పారు. మన రాజకీయాల్లో ఇది అరుదైన తేలికదనం. తండ్రి దారి వేరు. కేసీఆర్ రాజీనామా లేఖను రాజ్‌భవన్‌కు పంపించి, కాన్వాయ్ లేకుండా ప్రగతి భవన్ నుంచి ఎర్రవల్లికి వెళ్లిపోయారు. ఆ రోజు ప్రజలతో ఒక్క మాట మాట్లాడలేదు. రాజ్యాంగపరంగా లోటేమీ లేదు, రాజీనామా క్షణం ఆలస్యం కాలేదు. అయినా పదేళ్లు ముఖ్యమంత్రిగా ఉన్న మనిషి నుంచి జనం ఒక వాక్యం ఆశించడం అత్యాశేమీ కాదు. ఇంకో విచిత్రం కూడా ఆ రోజే జరిగింది. కామారెడ్డిలో బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకట రమణారెడ్డి, ఉన్న ముఖ్యమంత్రి కేసీఆర్‌నూ కాబోయే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డినీ కలిపి ఓడించారు. ఒకరు గజ్వేల్‌లో, మరొకరు కొడంగల్‌లో గెలిచారు కాబట్టి గెలుపోటములు రెండింటి రుచీ ఇద్దరికీ ఒకేరోజు తెలిసింది.

వారం తిరగకుండానే కేసీఆర్ జారిపడి తుంటి ఎముక విరిగి యశోద ఆస్పత్రిలో చేరారు. డిసెంబరు 10న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వెళ్లి పరామర్శించారు. ఎన్నికల ప్రచారంలో ఇద్దరూ ఒకరినొకరు అన్న మాటలు గుర్తున్నవారికి ఆ ఫొటో విలువ తెలుస్తుంది. ఆ మర్యాద తర్వాతి రోజుల్లో ఎంత నిలిచిందో కూడా అందరికీ తెలిసిందే, అది వేరే కథ.

అదే డిసెంబరు 3న మరో దృశ్యం. లెక్కింపు ఇంకా పూర్తికాలేదు, ఎన్నికల నియమావళి అమల్లోనే ఉంది. అప్పటి డీజీపీ అంజనీ కుమార్ మరికొందరు అధికారులతో కలిసి రేవంత్ రెడ్డి ఇంటికి వెళ్లి పుష్పగుచ్ఛం అందించారు. ఎన్నికల సంఘం ఆయనను వెంటనే సస్పెండ్ చేసింది. కొద్దిరోజులకే ఆ ఉత్తర్వును ఉపసంహరించుకుంది. చాలామంది దీన్ని ఒక అధికారి తొందరపాటుగా చూసి వదిలేశారు. గెలిచేది ఎవరో తేలగానే యంత్రాంగం ఎటు వాలుతుందో అంతకంటే స్పష్టంగా చూపిన ఘటన ఈమధ్య మరొకటి లేదు. రాష్ట్ర పోలీసు అధిపతే ఆగలేకపోయినప్పుడు మండలంలో ఎస్సై, తహసీల్దారు, పంచాయతీ కార్యదర్శి ఎటు వాలతారో ఓడిన అభ్యర్థికి ఎవరూ చెప్పనక్కర్లేదు. చట్టం చూస్తే గెలుపును ప్రకటించాల్సింది రిటర్నింగ్ అధికారి. ఫారం 22 పేరుతో ఉండే ధ్రువీకరణ పత్రం చేతిలో పడేదాకా ఎవరూ విజేత కాదు. మనకు మాత్రం టీవీ తెరమీద మూడో రౌండు ఆధిక్యం చాలు, బాణసంచా మొదలవుతుంది.

ఆధిక్యాలు ఎంత మోసగిస్తాయో తెలుగువాళ్లకంటే బాగా ఎవరికి తెలుసు? 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ గెలిచింది 9 ఓట్లతో. 2018లో ఆసిఫాబాద్ 171 ఓట్ల తేడాతో, ఇబ్రహీంపట్నం 376తో, ధర్మపురి 441తో తేలాయి. 2023లో చేవెళ్ల 268తో. అంత దగ్గరి పోటీలో ఓడిన అభ్యర్థి ‘ఒప్పుకోను, మళ్లీ లెక్కించండి’ అంటే అది అమర్యాద కాదు, హక్కు. రీకౌంటింగ్ అడగవచ్చు. ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయవచ్చు. 2024 ఏప్రిల్ 26 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, రెండు మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు రుసుము చెల్లించి 5 శాతం ఈవీఎంల పరిశీలన కూడా కోరవచ్చు. దారి ఉన్నప్పుడు ఆ దారిన పోవడమే పద్ధతి.

చిక్కంతా దారి చివర ఉంది. పిటిషన్‌ను ఆరు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని ప్రజాప్రాతినిధ్య చట్టమే చెబుతుంది. ధర్మపురిలో కొప్పుల ఈశ్వర్ చేతిలో ఓడిన అడ్లూరి లక్ష్మణ్ కుమార్ హైకోర్టుకు వెళ్తే, నాలుగేళ్లు దాటాక 2023 ఏప్రిల్‌లో పత్రాల కోసం స్ట్రాంగ్‌రూం తెరవబోతే తాళంచెవులు దొరకలేదు! ఆ ఏడాది చివర్లో ఆయన అదే ప్రత్యర్థిపై 22 వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు. గద్వాలలో 2018 ఎన్నిక చెల్లదని, ఓడిన డీకే అరుణే ఎమ్మెల్యే అని హైకోర్టు 2023 ఆగస్టులో చెప్పింది. అప్పటికి ఆ శాసనసభకు మిగిలింది కొన్ని నెలలే, ఆ తీర్పు మీదా సుప్రీంకోర్టు స్టే వచ్చింది. కోర్టు తలుపు ఇంత నెమ్మదిగా తెరుచుకుంటుంటే, ఓడినవారు కోర్టుకు కాక కెమెరాల ముందుకు వెళ్లడంలో ఆశ్చర్యం లేదు.

కెమెరాల ముందు అందరికీ అందుబాటులో ఉండే ముద్దాయి ఈవీఎం. 2018 డిసెంబరు 11న లెక్కింపు సాగుతుండగానే అప్పటి పీసీసీ అధ్యక్షుడు ఉత్తమ్ కుమార్ రెడ్డి యంత్రాల మీద అనుమానం వ్యక్తం చేసి వీవీప్యాట్ చీటీలు లెక్కించాలన్నారు. 2023లో అవే యంత్రాలు కాంగ్రెస్‌ను గెలిపించాయి, ఆయన మంత్రి అయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఏప్రిల్‌లో చంద్రబాబు నాయుడు ఈవీఎంల మీద ఎన్నికల సంఘం దాకా వెళ్లారు, ఆ ఎన్నికల్లో ఆయన పార్టీకి 23 సీట్లు మిగిలాయి. 2024లో ఆయన కూటమికి 164 వచ్చాక ఆ ఊసు లేదు. 2019లో 151 సీట్లు తెచ్చిన యంత్రాల్లో లోపం కనిపించని వైఎస్ జగన్‌కు 2024లో 11 దగ్గర ఆగేసరికి అనుమానాలొచ్చాయి. అక్కచెల్లెమ్మల ఓట్లు, అవ్వాతాతల ఓట్లు ఏమయ్యాయో దేవుడికే తెలియాలని ఫలితాల రోజు అన్నారు. రెండు వారాలు తిరిగేసరికి బ్యాలెట్ పత్రాలకు మళ్లాలని రాశారు. యంత్రాలను అనుమానించడం తప్పు కాదు. గెలిచిన రోజు కూడా ఆ అనుమానం మిగిలి ఉన్న నాయకుడు ఒక్కరు కనబడితే దాన్ని సీరియస్‌గా తీసుకోవచ్చు.

ఓటమి ఖరీదును గెలిచినవారే నిర్ణయిస్తారన్న వాదనకు మంచి సాక్ష్యం మనకు చాలా దూరంలో, పశ్చిమాఫ్రికాలోని చిన్న దేశం గాంబియాలో ఉంది. 22 ఏళ్లు ఏలిన యాహ్యా జామే 2016 డిసెంబరు 2న ఓటమిని ఒప్పుకుని, గెలిచిన అడామా బారోకు టీవీలో ఫోన్ చేసి మరీ అభినందించాడు. ప్రపంచం నమ్మలేకపోయింది. ఈలోగా గెలిచిన కూటమి నేతల్లో ఒకరు ఏడాదిలోపే అతడి మీద విచారణ ఉంటుందని పత్రికకు చెప్పారు. డిసెంబరు 9న జామే మాట మార్చి ఫలితాన్ని తిరస్కరించాడు. పొరుగు దేశాల సేనలు సరిహద్దు దాటితే గాని, 2017 జనవరిలో దేశం విడిచి పోలేదు. జామే నేరాలకు విచారణ ఉండాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ నేరానికి శిక్ష వేయడం వేరు, ఓటమికి శిక్ష వేయడం వేరు. ఈ రెండిటినీ గెలిచినవారు వేరుచేసి చూపించకపోతే ఓడినవారు కుర్చీకి అతుక్కుపోతారు. దానికి ముందే, 2015 మార్చి 31న, నైజీరియాలో అధ్యక్షుడు గుడ్‌లక్ జొనాథన్ తుది లెక్క రాకముందే ప్రత్యర్థి బుహారీకి ఫోన్ చేసి ఓటమిని ఒప్పుకున్నాడు. ఓడినా తన బతుకుకు ఢోకా లేదని అతడు నమ్మగలిగాడు.

మెదక్ జిల్లా పాతతరానికి ఈ సూత్రం ఇందిరా గాంధీ రూపంలో పరిచయమే. 1975లో అలహాబాద్ హైకోర్టు తన ఎన్నిక చెల్లదంటే ఆమె దేశాన్ని ఎమర్జెన్సీలోకి తోశారు. 1977 మార్చిలో జనం ఓడిస్తే మాత్రం మారుమాట లేకుండా దిగిపోయారు. గెలిచిన జనతా ప్రభుత్వం ఆ అక్టోబరులో అరెస్టు చేసి మర్నాడే వదలాల్సి వచ్చింది. 1978 చివర్లో లోక్‌సభ నుంచి బహిష్కరించి జైలుకు పంపింది. ఎమర్జెన్సీ అకృత్యాలకు పద్ధతిగా విచారణ జరిగి ఉంటే దేశానికి మేలయ్యేది. పగలా కనిపించిన ఆ తొందర ఆమెకే సానుభూతి తెచ్చిపెట్టింది. 1980 జనవరిలో ఆమె మెదక్‌లో ఎస్. జైపాల్ రెడ్డిని ఓడించి ఢిల్లీకి తిరిగొచ్చారు. రాయ్‌బరేలీలోనూ గెలిచినా మెదక్‌నే అట్టిపెట్టుకున్నారు.

ఇక ఇంటి సంగతి. నారాయణఖేడ్ రాజకీయం దశాబ్దాలుగా పట్లోళ్ల, మహారెడ్డి, షెట్కార్ కుటుంబాల చుట్టూ తిరుగుతోంది. 2014లో కాంగ్రెస్ నుంచి గెలిచిన పట్లోళ్ల కిష్టారెడ్డి 2015 ఆగస్టులో కన్నుమూశారు. ఎమ్మెల్యే మరణిస్తే ఆ కుటుంబంపై పోటీ పెట్టకపోవడం తెలుగు రాజకీయాల్లో ఒక అలిఖిత మర్యాద. 2014 ఉప ఎన్నికలో ఆళ్లగడ్డలో భూమా అఖిలప్రియ అలాగే ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. నారాయణఖేడ్‌లో అది చెల్లలేదు. 2016 ఫిబ్రవరి ఉప ఎన్నికలో టీఆర్ఎస్ (తర్వాతి బీఆర్ఎస్) అభ్యర్థి మహారెడ్డి భూపాల్ రెడ్డి 53,625 ఓట్ల ఆధిక్యంతో కిష్టారెడ్డి కుమారుడు సంజీవరెడ్డిని ఓడించారు. మర్యాద తప్పారని అప్పట్లో చాలామంది నొచ్చుకున్నారు.

నేను నొచ్చుకోను. శాసనసభ సీటు ఎవరి కుటుంబ ఆస్తీ కాదు, ఓటరుకు ఎంచుకునే అవకాశం లేకుండా చేయడం సంతాపమూ కాదు. ఆ ఓడిన సంజీవరెడ్డే 2023లో అదే భూపాల్ రెడ్డిపై ఆరువేల పైచిలుకు ఓట్లతో గెలిచారు. ముందు కాంగ్రెస్ టికెట్ ప్రకటించింది సురేశ్ షెట్కార్‌కు. ఆయన తప్పుకుని సంజీవరెడ్డికి దారిచ్చి, 2024లో జహీరాబాద్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. టికెట్ వదులుకోవడం ఫలితాన్ని ఒప్పుకోవడంకంటే కష్టమని ఏ రాజకీయ నాయకుడినడిగినా చెబుతాడు. మూడు కుటుంబాల పోరులో ఓడినవారు మాయమైపోలేదు, ఐదేళ్లకో ఏడేళ్లకో తిరిగొచ్చారు. మళ్లీ ఆడే అవకాశం ఉందన్న నమ్మకమే ఓటమిని ఓర్చుకోనిస్తుంది. 2020 నవంబరులో దుబ్బాకలో టీఆర్ఎస్ 1,079 ఓట్లతో ఓడినప్పుడు ప్రచారం నడిపిన హరీశ్‌రావు ఆ బాధ్యత తనదేనన్నారు. ఒక ఉప ఎన్నిక ఓడితే పోయేది పెద్దగా లేదు కాబట్టి ఆ మాట అనగలిగారు అనేవాళ్లుంటారు. నేను చెప్పేదీ అదే.

పంచాయతీల్లో ‘ఏకగ్రీవం’ మీద మనకున్న మోజు వెనుకా ఇదే భయం ఉందనిపిస్తుంది. ప్రభుత్వాలు ఏకగ్రీవ పంచాయతీలకు లక్షల నజరానా ప్రకటించాయి. కొన్ని ఊళ్లలో పదవిని వేలం పాడి మరీ పోటీ తప్పించారు. ఓట్లేసుకుంటే ఊరు చీలుతుందన్నది సాకు. నిజానికి ఓడాక కలిసి బతకగలమన్న ధైర్యం లేకపోవడమే కారణం. పోటీ లేకుండా చేసి శాంతి కొనుక్కుంటే, పోటీ చేసి ఓడటం ఎలాగో ఆ ఊరు ఎన్నటికీ నేర్చుకోదు.

పైస్థాయిలో గెలిచినవారు ఏం నేర్పుతున్నారో చూడండి. 2019 జూన్ 24న ఉండవల్లి ప్రజావేదికలో కలెక్టర్ల సమావేశం పెట్టి, అదే వేదిక మీది నుంచి జగన్ దాని కూల్చివేతను ప్రకటించారు. మర్నాడు రాత్రి యంత్రాలు వచ్చాయి. ఐదేళ్లకు ప్రభుత్వం మారింది. 2024 జూన్ 22న తాడేపల్లిలో కడుతున్న వైసీపీ కార్యాలయం మీదికి యంత్రాలు వచ్చాయి. రెండుచోట్లా నిబంధనల ఉల్లంఘనే కారణమన్నారు, కావచ్చు కూడా. రెండూ ప్రభుత్వం మారిన నెల రోజుల్లోనే జరిగాయి, జనం చదువుకున్నది ఆ తేదీలనే. చేవెళ్లది ఇంకో రకం పాఠం. 268 ఓట్లతో కాంగ్రెస్ అభ్యర్థిని ఓడించిన కాలె యాదయ్య 2024 జూన్‌లో కాంగ్రెస్‌లోనే చేరిపోయారు. ఓడినవారు హుందాగా ఒప్పుకోవాలని చెప్పే మనం, ఇక్కడ ఎవరు ఎవరికి అభినందనలు చెప్పాలో కూడా చెప్పాలి.

ఓటమిని నిజంగా ఒప్పుకోవడమంటే ప్రతిపక్ష బెంచీ మీద కూర్చోవడం. ఆ లెక్కన మన నాయకుల హాజరు పట్టిక చూస్తే బాధేస్తుంది. తన ఎమ్మెల్యేలను లాక్కున్నారని జగన్ 2017లో సభను బహిష్కరించారు, చంద్రబాబు 2021 నవంబరులో కన్నీళ్లతో బయటికొచ్చేశారు. 2024 తర్వాత ప్రతిపక్ష నేత హోదా ఇవ్వలేదని జగన్ మళ్లీ దూరం. కేసీఆర్ ఎమ్మెల్యేగా ప్రమాణం చేసిందే ఫలితాలొచ్చిన రెండు నెలలకు, 2024 ఫిబ్రవరి 1న. ఎవరి కారణాలు వారికున్నాయి. సంఖ్యాబలం ఉన్నవారు మైకు ఇవ్వని సభకు రావాలని ఎవరికీ అనిపించదన్నది నిజం. ఓటేసి గెలిపించినవారికి ఆ కుర్చీ ఖాళీగా కనిపించడం కూడా నిజమే.

మళ్లీ పంచాయతీకే వద్దాం, ఎందుకంటే లెక్క తేలేది అక్కడే. 2019లో గెలిచిన సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి 1న ముగిసింది. వాళ్లలో ఎందరో అప్పులు తెచ్చి వైకుంఠధామాలు, డంపింగ్ యార్డులు, పల్లె ప్రకృతి వనాలు కట్టించారు. బిల్లులు బీఆర్ఎస్ ప్రభుత్వంలో ఆగాయి, కాంగ్రెస్ ప్రభుత్వంలోనూ ఆగాయి. మాజీ సర్పంచులు హైదరాబాద్ బాట పడితే పోలీసులు మధ్యలోనే ఆపారు. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఇప్పుడు కొత్త సర్పంచ్ వచ్చారు, ఉప సర్పంచ్‌తో కలిపి చెక్ పవర్ ఉంది. పాత సర్పంచ్ వేయించిన సీసీ రోడ్డుకు బిల్లు రావాలంటే మళ్లీ ఆ గుమ్మం ముందే నిలబడాలి. పెన్షను, ఇల్లు, రేషన్ కార్డు జాబితాల మీదా అదే అనుమానం. నిన్న దళితబంధు ఎంపికలో ఎమ్మెల్యేల మాట చెల్లిందన్నారు, నేడు ఇందిరమ్మ కమిటీల మాట చెల్లుతోందంటున్నారు. ఓడినవైపు నిలబడ్డ వార్డుకు నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయన్నది ఆ ఊళ్లో ఒప్పుకోలుకు అసలైన కొలమానం.

2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలంటోంది. సిర్గాపూర్ మండలంలో కొత్తగా గెలిచిన సర్పంచులు తొలి గ్రామసభలోనే పాత పనుల కొలతల పుస్తకం తెప్పించి, పెండింగ్ బిల్లుల జాబితాను ఓడినవారి సమక్షంలో చదివించవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు. డబ్బులు రావాల్సింది హైదరాబాద్ నుంచే అయినా, ఆ బాకీ ఊరిదని ఒప్పుకునే తీర్మానం మాత్రం ఊళ్లోనే చేయొచ్చు. ఆ తీర్మానం మీద మొదటి సంతకం ఎవరిదన్నది చూడాలి.